ఐదో డిస్కు

సర్వర్‌కి డిస్కులు కొనబోయే ప్రతి వ్యాపారికీ, వాటిని అమర్చిపెట్టే సువర్చల ముందుగా ఒక మాట చెబుతుంది: అన్నీ ఒకే లాట్‌లోంచి తీసుకోకండి. ఒకే రోజున ఒకే చోట తయారైన డిస్కుల్లో లోపం కూడా ఒకటే ఉంటుంది. పోయేటప్పుడు అన్నీ కూడబలుక్కున్నట్టు పోతాయి. నాలుగు పెట్టినా ఒకటి పెట్టినట్టే. బెజవాడ మందుల హోల్‌సేల్ వాళ్ళకీ, గుడివాడ రైసుమిల్లు వాళ్ళకీ చెప్పి చెప్పి ఆ మాట ఆమెకు నోటికి వచ్చేసింది. వాళ్ళు శ్రద్ధగా తలూపి, తక్కువలో వస్తున్నాయని ఒకే పెట్టె కొనుక్కొచ్చేవారు. చెప్పేవాడికి వినేవాడు లోకువ కాబట్టి, సువర్చల వాళ్ళను చూసి లోపల్లోపల నవ్వుకునేది.

తండ్రి పాండురంగారావు సర్వర్‌ని మాత్రం ఆమె తన చేతులమీదుగా, వంక పెట్టడానికి లేకుండా అమర్చింది. బందరు చిలకలపూడిలో ఆయనది గోల్డ్ కవరింగ్ నగల వ్యాపారం. రాగి మీద బంగారు పూత. పెళ్ళిలో చూసినవాళ్ళు అసలు బంగారమే అనుకోవాలి. ఆ నగల డిజైన్లే ఇంటికి ఆస్తి. అందుకని ప్రతి డిజైనూ రెండు చోట్ల రాసుకునేలా డిస్కుల వరస కట్టింది సువర్చల. ఒక డిస్కు పోతే దాని జోడీ అందుకుంటుంది. ఆ జోడీ కూడా తడబడేలోపు పనిలోకి దిగడానికి ఇంకో డిస్కు ఊరికే పక్కన కాచుకుని ఉంటుంది. మొదటిరోజు పాండురంగారావు సర్వర్‌కి బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, "ఇక ఇల్లు మునిగినా మన డిజైన్లకి భయం లేదు" అన్నాడు.

అదే ఇంట్లో నాంచారమ్మకు మాత్రం జోడీ లేదు. ఆవిడ పాండురంగారావు భార్య, సువర్చల తల్లి. దసరా ముందు పెరట్లో బట్టలు ఆరేస్తూ పడిపోయింది. మెదడులో రక్తం గడ్డ కట్టిందన్నారు. కాళ్ళూ చేతులూ త్వరగానే స్వాధీనంలోకి వచ్చాయి. మాట కూడా వచ్చింది. రానిది మనిషి. మంచం మీద లేచి కూర్చుని, భర్త ముఖం చూసి, "ఈ ఇల్లు ఎవరిదండీ?" అని ఎంతో మర్యాదగా అడిగింది.

*

బెజవాడలో డాక్టర్ నజీమా నడిపే మెదడు పరిశోధన ల్యాబ్‌కి డిస్కులు అమర్చింది సువర్చలే. అక్కడ ఏం జరుగుతోందో ఆమెకు కొంత తెలుసు. అందుకే డాక్టరమ్మని బతిమాలి బందరు తీసుకొచ్చింది.

"మొత్తం బరువు తెలిసిన ఐదు మూటల్లో ఒకటి పోయిందనుకోండి," అంది నజీమా, ముందుగదిలో పాండురంగారావు ఎదురుగా కూర్చుని. "మిగిలిన నాలుగూ తూస్తే పోయినదాని బరువు తెలిసిపోతుంది కదా. సర్వర్‌లో ఒక డిస్కు పోతే తక్కినవాటినుంచి దాన్ని మళ్ళీ కట్టేది అలాగే. మనుషుల్లోనూ అది కుదురుతుందని మేం కనుక్కున్నాం. అమ్మగారి మెదడులో జ్ఞాపకాల అంచులు మిగిలున్నాయి, లోపలివి పోయాయి. ఆవిడతో కలిసి బతికినవాళ్ళ తలల్లో ఆవిడ ముక్కలుముక్కలుగా ఉంటుంది. ఆ ముక్కలు చదివి, వరసలో పెట్టి, ఆ అంచులతో సరిచూసుకుంటూ లోపలిది కట్టుకొస్తాం. కట్టింది ఆవిడకి తిరిగి రాస్తాం."

"మా తలలకేం కాదు కదండీ?" అన్నాడు గోపీనాథ్. అతను సువర్చలకు అన్న. ఇప్పుడు వ్యాపారం చూసుకుంటున్నది అతనే.

"చదవడమే. మీవి మీ దగ్గరే ఉంటాయి," అంది నజీమా. "నలుగురు కావాలి. నాలుగు వైపులనుంచి ఆవిడని ఎరిగినవాళ్ళైతే మంచిది. పుట్టింటివాళ్ళు, స్నేహితులు, ఎవరైనా సరే."

"నేను, కొడుకు, కోడలు, కూతురు. ఇంట్లోనే నలుగురం ఉన్నాం," అన్నాడు పాండురంగారావు. "ఇంటి గుట్టు వీధిలో పెట్టే అలవాటు మాకు లేదు డాక్టరమ్మా."

నాంచారమ్మకు పుట్టింటివైపు మిగిలింది ఒక్క చెల్లెలు, అలివేలు. బందరు పక్కనే పెడనలో ఉంటుంది. ఆ పేరు ఆ ఇంట్లో పలికి చాలా ఏళ్ళయింది. గోపీనాథ్ పెళ్ళిలో పదిమంది ముందు ఏదో తలతిక్క మాట అందని, పాండురంగారావు ఆవిడను మళ్ళీ గడప తొక్కనివ్వలేదు. ఆ మాట ఏమిటని పిల్లలు అడగలేదు. డాక్టరమ్మ పుట్టింటివాళ్ళు అన్నప్పుడు సువర్చలకు పిన్ని గుర్తొచ్చింది. తండ్రి ముఖం చూసి ఊరుకుంది.

ఆఫీసు గదిలో డిజైన్ల సర్వర్ పక్కన సువర్చల ఇంకో సర్వర్ పెట్టింది. తల్లి పని కదా అని నాలుగు డిస్కులూ నాలుగు కొట్లలో, నాలుగు లాట్‌లలో ఏరి తెచ్చింది. ఒక్కోదాని మీద ఒక్కో చీటీ అంటించింది: నాన్న, అన్నయ్య, వదిన, నేను. ఒక్కొక్కరూ తీగల టోపీ పెట్టుకుని కూర్చుంటే, నజీమా నాంచారమ్మ ఫొటోలు చూపించింది, ఆవిడ గొంతు వినిపించింది, ఆవిడ చీర చేతికిచ్చింది. తలల్లో కదిలినదంతా డిస్కుల్లోకి వెళ్ళింది. తరువాత నాంచారమ్మ అదే టోపీ పెట్టుకుని పడుకుంది. సర్వర్ రోజంతా హోరుమని పనిచేసి, సాయంత్రానికి తెర మీద 'పునర్నిర్మాణం పూర్తయింది, లోపాలు లేవు' అని చూపించింది.

నాంచారమ్మ కళ్ళు తెరిచింది. "ఏమండీ, కాఫీ తాగారా?" అంది.

పాండురంగారావు ఎవరి ముందూ ఏడవని మనిషి. ఆ రోజు ఏడ్చాడు.

*

దీపావళి బాగా జరిగింది. నాంచారమ్మ తెల్లారేసరికి లేచి పొయ్యి వెలిగిస్తోంది. ఎవరికి ఏ కూరలో ఉప్పు తక్కువ కావాలో, ఎవరికి పెరుగులో నీళ్ళు పడవో అన్నీ గుర్తున్నాయి. అందరికీ వడ్డించి, అందరూ లేచాక తింటోంది. సువర్చల బెజవాడనుంచి శనివారాలు వచ్చి, తల్లి చేతి ముద్ద తిని, డాక్టరమ్మకు ఫోన్ చేసి మళ్ళీ మళ్ళీ దండాలు పెట్టింది.

ఇంట్లో ఎవరికీ తేడా తెలియలేదు. ఈ కథలో అన్నిటికంటే ఎక్కువ సిగ్గుపడాల్సిన వాక్యం అదే.

తేడా కనిపెట్టింది నజీమా. ఎలా ఉందో చూసిపోదామని వచ్చి, నాంచారమ్మను పక్కన కూర్చోబెట్టుకుని కబుర్లలో దించింది.

"చిన్నప్పుడు మీ ఇల్లెలా ఉండేదమ్మా?"

"నాకేం తెలుసండీ. ఆయన్నడగండి, చెప్తారు."

"మీకేమైనా పాటలొచ్చా?"

"నాకేం తెలుసు."

"సరే. మీకు కోపం వస్తే ఏం చేస్తారు?"

నాంచారమ్మ భర్త వైపు తిరిగి, "నాకు కోపం వస్తుందాండీ?" అని అడిగింది.

పాండురంగారావు గట్టిగా నవ్వాడు. "దానికేం తెలుసు డాక్టరమ్మా, పిచ్చి మాలోకం. కోపం ఎరగదు." గోపీనాథ్ నవ్వాడు. అలవాటు కొద్దీ సువర్చల కూడా నవ్వింది. నజీమా నవ్వలేదు. లేచి ఆఫీసు గదిలోకి వెళ్ళి సువర్చలను పిలిచింది.

తెర మీద నాలుగు పట్టీలు పక్కపక్కన పరిచింది. నలుగురి తలల్లో నాంచారమ్మ ఎక్కడెక్కడ ఎంతుందో రంగుల్లో కనబడుతోంది. వంటగది దగ్గర నాలుగూ చిక్కగా ఉన్నాయి. జ్వరాలు, పురుళ్ళు, పండగలు, అక్కడా చిక్కగానే ఉన్నాయి. తక్కిన చోట్ల నాలుగూ తెల్లగా ఉన్నాయి. ఒకదాని మీద ఒకటి పెడితే అంచు కూడా తేడా రాదు.

"మీరు వేరే వేరే మనుషులు. మీ జ్ఞాపకం ఒకటే," అంది నజీమా. "ఆవిడ గురించి మీరందరూ ఒక్కరి దగ్గరే నేర్చుకున్నారు."

"మరి తెల్లగా ఉన్నచోట ఏం రాసింది మిషను?"

"ఎవరి దగ్గరా ఏమీ లేకపోతే, అందరి దగ్గరా ఎక్కువసార్లు ఉన్నదానితో ఖాళీ పూడుస్తుంది. ఇక్కడ పూడ్చింది ఒకే మాటతో." చెప్పడానికి ఇబ్బంది పడుతూ చెప్పింది. "దానికేం తెలుసు, అని."

నమ్మకం కలగక సువర్చల 'నేను' అని చీటీ ఉన్న డిస్కు తెరిచింది. కాలేజీ రోజుల్లో ఫోన్‌లో స్నేహితురాలితో మాట్లాడుతున్న తన గొంతే వినబడింది: "మా అమ్మకేం తెలుసే, నాన్ననడిగి చెప్తా." దాని కింద అదే మాట, ఇంకో రోజుది. దాని కింద మళ్ళీ అదే. వెనక తల్లి గిన్నెలు సర్దుతున్న చప్పుడు కూడా రికార్డయి ఉంది. అంటే ఆవిడ వింటూనే ఉంది. సువర్చల పక్కనున్న డాక్టరమ్మ వైపు చూడలేక తెర కట్టేసింది.

ఒకే లాట్. ఊళ్ళో వ్యాపారులందరికీ నీతులు చెప్పిన మనిషి, కన్నతల్లి దగ్గరకొచ్చేసరికి డిస్కులు నాలుగు లాట్‌లలో తెచ్చి, మనుషులను ఒకే లాట్‌లోంచి తీసింది.

"ఇంకొకరిని కలపొచ్చా?" అని అడిగింది.

"కలపొచ్చు. కానీ ముందు ఇప్పుడున్న వరస చెరిపేసి మళ్ళీ కట్టాలి. ఆవిడ తలలోదీ చెరపాలి. రెండోసారి రాత నిలుస్తుందనే అనుకుంటున్నాను, కచ్చితంగా చెప్పలేను. నిలవకపోతే ఈ మాత్రం మనిషి కూడా దక్కదు. మూడోసారి లేదు సువర్చలా. మెదడు తట్టుకోదు."

*

పెడనలో కాలవ పక్కన అద్దకం గుడ్డలు ఆరేసి ఉన్నాయి. అలివేలు చిన్న అద్దకం షెడ్డు నడుపుతోంది. సువర్చల గుమ్మంలో నిలబడగానే కళ్ళజోడు పైకి తోసి చూసింది.

"మా అక్క కూతురివి కదూ. ఆ ముక్కు మా వంశానిది," అంది. "ఎవరైనా పోయారా? లేకపోతే మీ ఇంటినుంచి నా దగ్గరికి మనిషెందుకొస్తుంది?"

సువర్చల అంతా చెప్పింది. చెబుతున్నంతసేపూ అలివేలు చేతిలోని చెక్క అచ్చు గుడ్డతో తుడుస్తూనే ఉంది. 'దానికేం తెలుసు' దగ్గరకొచ్చేసరికి ఆ చెయ్యి ఆగింది.

"నీ అన్న పెళ్ళిలో నేనేమన్నానో నీకు తెలుసా?"

"తెలీదు పిన్నీ."

"ఆడపెళ్ళివాళ్ళావిడ హారం చూసి ఎంత బావుందండీ, ఎవరు గీశారండీ అని అడిగింది. మా అక్కేనన్నాను. అంతే. మీ నాన్న నన్ను చెయ్యి పట్టి బయటికి పంపలేదు కానీ, అంత పనీ చేశాడు."

"అమ్మ గీసిందా?"

"ఏది గీయలేదో అడుగు. మా నాన్న అచ్చులు చెక్కేవాడు. ఇద్దరం ఆయన పక్కన కూచుని గీసేవాళ్ళం. నాకంటే దాని చెయ్యే మంచిది. పెళ్ళయ్యాక సుద్దముక్కతో వంటింటి గచ్చు మీద గీసేది. మీ నాన్న కాయితం మీదికి ఎత్తుకున్నాక కడిగేసేది. మంచి చిలిపిది కూడాను. కోపమొస్తే రెండ్రోజులు మాటాడేది కాదు. కాలవలో నాకంటే ముందు ఈత నేర్చుకుంది. అదేంటే అలా చూస్తావు?"

గచ్చు మీద గీతలు సువర్చలకు గుర్తున్నాయి. మంచినీళ్ళకోసం వాటిని తొక్కుకుంటూ వెళ్ళడం గుర్తుంది. పాదాలకు సుద్ద అంటిందని తల్లిని విసుక్కోవడం కూడా గుర్తుంది. ఆ గీతలనే పెద్దయ్యాక సర్వర్‌లో జోడీలు జోడీలుగా దాచి, వాటికి కాపలాగా ఇంకో డిస్కు పెట్టి, ఎంత బాగా చేశానో అని మురిసిపోయింది.

"మొదటే నన్నెందుకు పిలవలేదే?" అంది అలివేలు.

"నాన్నకి భయపడి..." అని మొదలుపెట్టింది సువర్చల. ఆ అబద్ధం ఆవిడ ముందు చెల్లదనిపించింది. "కాదు పిన్నీ. నువ్వు అక్కర్లేదనుకున్నాను. నీ దగ్గర ఏముంటుందిలే అనుకున్నాను."

అలివేలు తిడుతుందనుకుంది. ఆవిడ తిట్టలేదు. అచ్చు పక్కన పెట్టి, చీర మార్చుకోడానికి లోపలికి వెళ్ళింది.

*

"బాగానే ఉందిగా మీ అమ్మ," అన్నాడు పాండురంగారావు, అరుగు మీద అడ్డంగా నిలబడి. "తింటోంది, తిరుగుతోంది, నవ్వుతోంది. ఇంతకంటే ఏం కావాలి? ఉన్నదాన్ని చెరిపేసి, అది కూడా పోతే ఎవరిది పూచీ?"

అలివేలు వీధిలోనే ఆగిపోయింది. గోపీనాథ్ నేల చూస్తున్నాడు. మాట్లాడింది అతని భార్య శ్యామల. ఆ ఇంట్లో మావగారి ఎదురుగా గొంతు పెంచిన మనిషి కాదు, ఇప్పుడూ పెంచలేదు.

"మావయ్యగారూ, అత్తయ్య గురించి నా తలలో కూడా ఆ ఒక్క మాటే ఉందంట. నేనీ ఇంటికొచ్చాక నేర్చుకున్నదే అది. రేపు నేను పడిపోతే నా పిల్లల తలల్లో నా గురించి ఏం దొరుకుతుందో నాకు తెలుస్తూనే ఉంది. నాకు భయంగా ఉందండీ."

ఆ మాటలకు నాంచారమ్మ లోపలినుంచి కొంగుతో చెయ్యి తుడుచుకుంటూ వచ్చింది. వీధిలో నిలబడ్డ చెల్లెల్ని చూసింది. "ఎండలో నిలబడ్డారేంటండీ, లోపలికి రండి. భోంచేశారా?" అంది, కొత్త మనుషులతో అన్నట్టు. అలివేలు నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

పాండురంగారావు ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. ఆ గీతలు ఎవరివో మొదటినుంచీ తెలిసినవాడు ఆ ఇంట్లో ఆయన ఒక్కడే; తనవని చెప్పుకుని చెప్పుకుని, తన తలలో కూడా వాటిని భార్య పేరు మీద ఉంచుకోలేదు. అరుగు మీదనుంచి పక్కకు జరిగాడు.

"రాయించండి," అన్నాడు.

తల్లిని అడక్కుండా ఆ పని చేయడం సువర్చలకు ఇష్టం లేకపోయింది. పక్కన కూర్చుని, ఏం చేయబోతున్నారో, ఏం పోవచ్చో చిన్న మాటల్లో చెప్పి, "నీకిష్టమేనా అమ్మా?" అని అడిగింది. నాంచారమ్మ ఓపిగ్గా విని, కూతురి చెయ్యి నిమిరి, "నాకేం తెలుసే, మీ ఇష్టం" అంది. ఒప్పుకునే మనిషిని కూడా వాళ్ళు మిగల్చలేదు.

ఐదో డిస్కు మీద 'పిన్ని' అని చీటీ అంటించి, దాన్ని అరలోకి తోసింది. అలివేలు టోపీ పెట్టుకుని మధ్యాహ్నమంతా కూర్చుంది. ఐదో పట్టీ తెర మీద నిండుతుంటే, తక్కిన నాలుగూ తెల్లగా వదిలేసిన చోటల్లా రంగులు వస్తున్నాయి. కాలవ, అచ్చులు, గిల్లికజ్జాలు, సుద్దముక్కలు. అందరూ ఆ గదిలోనే ఉన్నారు, ఎవరూ ఎవరివైపూ చూడలేదు. తరువాత మిషను సువర్చలను అడిగింది: ఉన్నదంతా చెరిగిపోతుంది, కొనసాగించాలా? ఈ ప్రశ్నకు ఆమె ఎన్నో కంపెనీల్లో టీ తాగుతూ జవాబిచ్చింది. ఇప్పుడు చదివిందే మళ్ళీ చదివింది. పక్క గదిలో నజీమా నాంచారమ్మ తలకు టోపీ సర్దుతోంది. 'బరువుగా ఉందా అమ్మా' అంటే 'నాకేం తెలుసండీ' అని వినబడింది. సువర్చల నొక్కేసింది.

*

నాంచారమ్మ కళ్ళు తెరిచింది. చుట్టూ నిలబడ్డ ఐదుగురినీ ఒక్కొక్కరినీ చూసింది. నజీమా తలుపు దగ్గర నిలబడింది.

"తలంతా నెరిసిపోయిందేమే అలివేలూ," అంది నాంచారమ్మ. "రంగేసుకోవచ్చుగా. అద్దకం చేసే చేతులే కదా."

అలివేలు ఏడుస్తూ నవ్వింది. గోపీనాథ్ "అమ్మా" అంటూ మంచం దగ్గరకు ఒక అడుగు వేశాడు. ఆవిడ చూపు చూసి ఆ అడుగు అక్కడే ఆపేశాడు. ఇంట్లో ఎవరూ ఇంతకుముందు ఎరగని చూపు అది. కోపం వస్తే ఇలా ఉంటుందన్నమాట అని సువర్చలకు అర్థమైంది.

"కళ్ళు మూసుకున్నంతసేపూ మీ నలుగురి లోపలా తిరిగానండీ," అంది నాంచారమ్మ భర్తతో. గొంతు పెంచలేదు. "అన్నిచోట్లా వడ్డిస్తూనే ఉన్నాను. ఒక్కచోటైనా కూచోమన్నవాళ్ళు లేరు."

పాండురంగారావు తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకుని అలాగే నిలబడ్డాడు. కొన్నాళ్ళు పెడనలో ఉంటానని ఆవిడ అన్నప్పుడు, వద్దనడానికి అక్కడ ఎవరికీ ముఖం చెల్లలేదు. శ్యామల బట్టలు సర్దిపెట్టింది.

బయల్దేరేముందు సువర్చల తల్లిని ఆఫీసు గదిలోకి తీసుకెళ్ళింది. క్షమించమని అడగాలనుకుంది. దానికి బదులు డిజైన్ల సర్వర్ తెరిచి చూపించింది. ఇవన్నీ నీవేనమ్మా, ఒక్కటీ పోలేదు, రెండేసి చోట్ల ఉన్నాయి, అని చెప్పుకుపోయింది. నాంచారమ్మ ఒక్కో బొమ్మా చూస్తూ తలూపుతోంది. ఒక హారం దగ్గర ఆగింది. చిలకలన్నీ వరసగా ఒకే వైపు చూస్తున్నాయి, మధ్యలో ఒక్క చిలక మెడ వెనక్కి తిప్పుకుని ఉంది.

సువర్చల పుట్టి బుద్ధెరిగాక తల్లిని ఆవిడ గురించి ఏదైనా అడగడం అదే మొదటిసారి. అడగడానికి కూడా సిగ్గేసింది. "ఇదొక్కటి వెనక్కెందుకు చూస్తోందమ్మా?"

నాంచారమ్మ తెర మీద వేలు పెట్టి ఆ చిలక మెడ వంపు వెంట గీసింది. చెయ్యి ఎక్కడా తడబడలేదు.

"నేను గీశానని తెలుస్తోంది. అది అలివేలు దగ్గరుంది కాబట్టి నాకొచ్చింది," అంది. "ఎందుకలా గీశానో దానికీ చెప్పినట్టు లేను. మీరెవరూ అడగలేదు. ఐదుగురిలో ఎవరి దగ్గరా లేదే అది. పోయింది."

నిష్ఠూరంగా అనలేదు, ఉన్నమాట చెప్పింది. సువర్చల తల వంచుకుని తెర ముందు నిలబడిపోయింది. కింద సర్వర్‌లో అన్ని దీపాలూ ఆకుపచ్చగా, ఏ లోపమూ లేకుండా వెలుగుతున్నాయి. బయట ఆటో వచ్చి ఆగింది. నాంచారమ్మ గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగింది.

"మళ్ళీ గీస్తాలే," అంది. "అప్పుడైనా అడుగు."